మొదటిసారి చర్చి ఆరాధనకు వెళ్తున్నవారికి: గుమ్మం దగ్గర నుంచి దీవెన దాకా

స్నేహితుల బిడ్డకు బాప్తిస్మం, కొత్తగా వియ్యమందినవారి ఊళ్లో పండుగ, ఆఫీసులో పక్క సీటు వాళ్ల పిలుపు, లేదా ఒకసారి వెళ్లి చూడాలని ఎన్నాళ్లుగానో ఉన్న కోరిక. కారణం ఏదైనా, ఇతర మతాల కుటుంబాల్లో పెరిగినవాళ్లు మొదటిసారి ఆదివారం ఆరాధనకు బయల్దేరేటప్పుడు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు: ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు లేవాలి, రొట్టె ఇస్తే తీసుకోవాలా, కానుక ఎంత వేయాలి. ఈ నాలుగింటికీ జవాబు తెలిసి వెళ్తే మిగతా సమయమంతా నిదానంగా కూర్చుని వినొచ్చు. లేకపోతే పక్కవాళ్లను చూసి లేవడానికి, కూర్చోవడానికే గంటన్నర గడిచిపోతుంది.

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. అతిథిగా వెళ్లిన మనిషి నమ్మినట్టు నటించనక్కర్లేదు. అందరితో పాటు నిలబడడం, ప్రార్థన జరుగుతుంటే మౌనంగా ఉండడం, ప్రసంగం శ్రద్ధగా వినడం మర్యాద. విశ్వాస ప్రమాణం (తాము నమ్మేదేమిటో అందరూ కలిసి చెప్పే మాటలు) పలకడం, ప్రభు భోజనం (యేసు మరణాన్ని తలుచుకుంటూ ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం) అందుకోవడం మాత్రం మర్యాదకు సంబంధించినవి కావు, అవి ఆ సంఘస్తులు దేవుని ముందు చేసే ఒప్పుకోలు. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో తెలిస్తే ఏ చర్చిలోనూ ఇబ్బంది పడరు.

ఏ చర్చికి వెళ్తున్నారో అడగండి

తెలుగునాట చర్చిలన్నీ ఒక్క తీరుగా నడవవు. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి ఏర్పడినది. మెదక్, దోర్నకల్, కరీంనగర్, కృష్ణా-గోదావరి, నంద్యాల, రాయలసీమ డయాసిస్‌ల (ఒక్కో బిషప్ పరిధిలోని) చర్చిలన్నీ దీని కిందకే వస్తాయి. గుంటూరు, గోదావరి ప్రాంతాల్లో లూథరన్ చర్చిలు ఎక్కువ. గుంటూరులో వాళ్ల పని 1842లో మొదలైంది. ఒంగోలు, నెల్లూరు వైపు బాప్టిస్టులు. కేథలిక్కులను రోమన్ కేథలిక్ మిషన్ అనే పేరు మీద ఊళ్లలో ఆర్‌సీఎం అంటారు. వీటితో సంబంధం లేకుండా సొంతంగా నడిచే ప్రార్థనా మందిరాలు, పెంతెకొస్తు సంఘాలు ఇప్పుడు ప్రతి పేటలోనూ ఉన్నాయి.

సీఎస్‌ఐ, లూథరన్ చర్చిల్లో ఆరాధన అచ్చయిన క్రమం ప్రకారం నడుస్తుంది. అతిథికి ఇదే సులువు, పుస్తకం చేతిలో ఉంటే ఇప్పుడు ఎక్కడున్నామో తెలుస్తుంది. మామూలు ఆదివారం గంటన్నర నుంచి రెండు గంటలు, ప్రభు భోజనం ఉన్న ఆదివారం ఇంకో అరగంట. కేథలిక్కుల ఆరాధన అయిన దివ్యబలిపూజ గంట, గంటంపావులో అయిపోతుంది. పెంతెకొస్తు మందిరాల్లో మూడు గంటలు దాటడం మామూలే. మధ్యాహ్నం ఇంకెక్కడికైనా మాట ఇచ్చి ఉంటే ఈ లెక్క చూసుకోండి. మధ్యలో లేచి వెళ్లడం కంటే మరో ఆదివారం వెళ్లడం మంచిది.

పిలిచినవాళ్లను ముందురోజే మూడు సంగతులు అడగాలి. ఆరాధన ఎన్నింటికి, ఈ వారం ప్రభు భోజనం ఉందా, కింద కూర్చోవాలా బల్లల మీదా. పట్నాల్లో పెద్ద చర్చిలకు ఉదయం రెండు, మూడు ఆరాధనలు ఉంటాయి. తెల్లవారి ఆరింటి ప్రాంతంలో ఒకటి, తొమ్మిదిన్నర, పది మధ్య ఇంకొకటి. ఇంగ్లిషు ఆరాధన వేరుగా ఉండే చోట సమయం తప్పుగా విని వెళ్తే తెలుగు పాట ఒక్కటీ వినకుండా తిరిగి వస్తారు. గల్ఫ్‌లో కువైట్, కతర్ లాంటి చోట్ల వారపు సెలవు శుక్రవారం కాబట్టి తెలుగు సంఘాల ప్రధాన ఆరాధన కూడా ఆ రోజే.

మొదటిసారి వెళ్లడానికి రెండో ఆరాధనే మేలు. తెల్లవారు ఆరాధనకు వచ్చేవాళ్లు ఏళ్ల తరబడి అలవాటైనవాళ్లు. అక్కడ పాటల నంబర్లు కూడా గబగబా చెప్పేసి సాగిపోతారు.

బట్టలు, చెప్పులు, చేతిలో ఉండాల్సినవి

శుభ్రమైన సాదా బట్టలు చాలు. పల్లెల్లో ఆదివారం తెల్లబట్టలు కట్టుకునేవాళ్లు ఎక్కువ, కానీ అది నియమం కాదు. ఆడవాళ్లు పైట చెంగో చున్నీయో తల మీదుగా కప్పుకుంటారు, ముఖ్యంగా ప్రార్థన సమయంలో. చున్నీ తీసుకెళ్తే ఆ క్షణంలో వెతుక్కోనక్కర్లేదు. చాలా ప్రొటెస్టంట్ (కేథలిక్ కాని) సంఘాల్లో బొట్టు, పూలు కనిపించవు, కొన్ని మందిరాల్లో నగలు కూడా పెట్టుకోరు. మీకు అలవాటైన బొట్టు తీసేసి వెళ్లాలని ఎవరూ కోరరు, కోరకూడదు కూడా. మరీ ఘాటైన అత్తరు, గలగలలాడే గాజులు మానుకుంటే చాలు. మౌన ప్రార్థనలో ఆ చప్పుడు అందరికీ వినిపిస్తుంది.

పల్లెల్లో, చాలా పట్నాల్లో చెప్పులు బయటే విడుస్తారు. కొన్ని పెద్ద చర్చిల్లో బూట్లతోనే లోపలికి వెళ్తారు. గుమ్మం దగ్గర చెప్పుల వరస కనిపిస్తే విడవండి, లేకపోతే అక్కర్లేదు. తాడు బూట్లు వేసుకుని వెళ్లి వెనక జనాన్ని ఆపి ముడులు విప్పుకోవడం ఎవరికీ బాగుండదు.

బైబిలు లేకపోయినా ఫర్వాలేదు, పక్కవాళ్లు తమది మీ వైపు జరుపుతారు. ఫోనులో చూడాలనుకుంటే తెలుగు బైబిలు ముందే దించుకుని, ఫోను సైలెంటులో పెట్టి, తెర వెలుతురు తగ్గించండి. చిల్లర నోట్లు చొక్కా జేబులోనో పర్సు పై అరలోనో పెట్టుకోండి. కానుక సంచి ముందుకొచ్చాక పర్సు తవ్వడం మొదలుపెడితే సంచి పట్టుకున్న మనిషి అక్కడే నిలబడాల్సి వస్తుంది.

ఎక్కడ కూర్చోవాలి

పల్లె చర్చిల్లో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క. పట్నాల్లో కుటుంబాలు కలిసే కూర్చుంటున్నాయి, అయినా చాలా చోట్ల పాత అలవాటు అలాగే ఉంది. భార్యాభర్తలు లోపలికి అడుగుపెట్టాక ఒక్క నిమిషం ఆగి చూసి విడిపోతే సరిపోతుంది. మొదటి రెండు వరసలు పెద్దలకు, పాటల బృందానికి, ఆ రోజు బాప్తిస్మమో కన్ఫర్మేషనో (బాప్తిస్మం పొందినవాళ్లు తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే కార్యక్రమం) ఉన్నవారికి. చివరి వరసలో కూర్చుంటే ముందు ఏం జరుగుతోందో కనిపించదు, గుమ్మం దగ్గర పిల్లల గోల. మధ్యలో, నడవ పక్కనున్న చోటు మంచిది. ముందున్నవాళ్లు లేచినప్పుడు మీరూ లేవొచ్చు, అవసరమైతే బయటికీ రావొచ్చు. స్పీకరు పెట్టె పక్కన మాత్రం కూర్చోకండి. చిన్న మందిరాల్లో కూడా పెద్ద పెట్టెలు పెడుతున్నారు. పసిపిల్లలు, వయసు మళ్లినవాళ్లు వెంట ఉంటే ఇది ఇంకా ముఖ్యం.

చాపల మీదో జంపఖానా మీదో కూర్చోలేనివాళ్లు మొహమాటపడకుండా కుర్చీ అడగాలి. గోడ పక్కన నాలుగు కుర్చీలు అందుకే వేసి ఉంచుతారు.

పలకరింపు "వందనాలు". చేతులు జోడించి అలా అనగానే మీరూ "వందనాలండీ" అనొచ్చు, "నమస్తే" అన్నా తప్పు పట్టరు. పాస్టరును "అయ్యగారు" అని, ఆయన భార్యను "అమ్మగారు" అని పిలవడం సీఎస్‌ఐ, లూథరన్, బాప్టిస్టు సంఘాల్లో అలవాటు. కేథలిక్కుల దగ్గర "ఫాదర్". మిగతావాళ్లు బ్రదర్, సిస్టర్, లేదా మామూలుగానే అన్న, అక్క.

ఆరాధన నడిచే వరస

అచ్చయిన క్రమం ఉన్న చర్చిల్లో మొదట గంట కొడతారు. చివరి గంట కొట్టేలోగా లోపల ఉండాలి. పాటతో పాటు అయ్యగారు, పాటల బృందం లోపలికి వస్తారు, అందరూ లేచి నిలబడతారు. ఆ తర్వాత పాపపు ఒప్పుకోలు. ఇది మోకాళ్లూని చేసే ప్రార్థన. మోకాళ్లు సహకరించనివాళ్లు, అతిథులు కూర్చునే తల వంచుకుంటే సరిపోతుంది. అయ్యగారు క్షమాపణ వాక్యం ప్రకటిస్తారు. తర్వాత కీర్తనల గ్రంథంలోంచి ఒక భాగం, ఒక వచనం ఆయన, ఒక వచనం సంఘం చదువుతారు.

పిమ్మట వాక్యపఠనాలు. పాత నిబంధన నుంచి ఒకటి, పత్రికల (సంఘాలకు రాసిన ఉత్తరాల) నుంచి ఒకటి, సువార్త (యేసు జీవితం చెప్పే గ్రంథం) నుంచి ఒకటి. మొదటి రెంటికి కూర్చుంటారు, సువార్తకు లేస్తారు. ఇది దాదాపు అన్ని క్రమబద్ధమైన చర్చిల్లోనూ ఒకటే. ఏదీ గుర్తుండకపోయినా సువార్తకు లేవాలన్నది గుర్తుంచుకోండి. దాని తర్వాత విశ్వాస ప్రమాణం, నిలబడే చెబుతారు. మీరు నిలబడి ఊరుకోండి. ప్రసంగం, విజ్ఞాపన ప్రార్థనలు, ప్రకటనలు, కానుక, ప్రభు భోజనం ఉంటే అది, చివరికి పరలోక ప్రార్థన (యేసు నేర్పిన ప్రార్థన), దీవెన. ఏది ముందు ఏది వెనక అనేది చర్చిని బట్టి కొంచెం మారుతుంది. దీవెన అయ్యి అందరూ "ఆమేన్" అనే దాకా కదలకూడదు. దీవెన వినకుండా వెళ్లడం ఆ సంఘానికి బాధ కలిగించే విషయం. అలవాటైనవాళ్లు కూడా ఎంత తొందర ఉన్నా ఆ మాట కోసం ఆగుతారు.

సీఎస్‌ఐలో మధ్యలో ఒక చోట "సమాధానం" (అంటే శాంతి) ఇచ్చుకుంటారు. కరచాలనంలా ఊపరు. ఇచ్చేవాళ్లు తమ కుడి అరచేతిని అవతలివారి కుడి అరచేతికి ఆనిస్తారు, ఇద్దరూ ఎడమ చేతిని ఎదుటివారి కుడి చేతి మీదుగా మూస్తారు. పక్కవాళ్లు మీ వైపు తిరిగి చేతులు చాస్తే అలాగే అందుకోండి, తర్వాత మీ అటుపక్క మనిషికి అందించండి. కొన్ని చోట్ల నమస్కారంతో సరిపెడతారు. ఇందులో అతిథులు పాలుపంచుకోవచ్చు, సంతోషిస్తారు కూడా.

బలిపీఠం మీద, ప్రసంగ వేదిక మీద వేలాడే గుడ్డ రంగు చూస్తే ఏ కాలమో తెలుస్తుంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలోను, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలంలోను ఊదా, క్రిస్మస్‌కు, ఈస్టరుకు తెలుపు, పెంతెకొస్తు పండుగకు ఎరుపు, మిగతా ఆదివారాల్లో ఆకుపచ్చ. శ్రమల కాలం నలభై రోజుల్లో పాటలు నెమ్మదిగా, ప్రసంగాలు గంభీరంగా సాగుతాయి. మొదటిసారి ఉత్సాహంగా వెళ్లాలనుకునేవాళ్లు ఆ ఆదివారాలను చూసి ఇక్కడంతా ఇంతేనేమో అనుకోకూడదు.

పాట ఎక్కడుందో, వాక్యం ఎక్కడుందో

కొత్తవాళ్లు తప్పిపోయేది ఇక్కడే. "23వ కీర్తన" అంటే బైబిల్లోని కీర్తనల గ్రంథం 23వ అధ్యాయం. "పాట నంబరు 23" అంటే పాటల పుస్తకంలోది. ఆ పుస్తకం పేరు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు కావడంతో చేతిలోని ఏ పుస్తకం తెరవాలో తెలియదు. చదువుదాం అంటే బైబిలు, పాడుదాం అంటే పాటల పుస్తకం అని గుర్తుపెట్టుకోండి. చాలా చర్చిల్లో గోడ మీద చెక్క పలకకు ఆ రోజు పాటల నంబర్లు తగిలించి ఉంటాయి. కూర్చోగానే దాన్ని చూసి మొదటి పాట తీసి కాగితం పెట్టుకోండి.

ఆ పుస్తకంలో పాటల పైన రాగం, తాళం కూడా అచ్చువేసి ఉంటాయి. కర్ణాటక బాణీలు తెలిసినవాళ్లకు ఇది పెద్ద సంతోషం, వరస తెలియకపోయినా రాగం పట్టుకుని పాడొచ్చు. ప్రతి చరణం తర్వాత మళ్లీ పల్లవికి వెళ్తారు. పుస్తకంలో మాత్రం పల్లవి మొదటి మాట ఒక్కటే చరణం చివర వేస్తారు. అది గమనించనివాళ్లు రెండో చరణం మీద కళ్లు పెట్టి కూర్చుంటారు, సంఘమేమో పల్లవి పాడుతుంటుంది. ఇప్పుడు చాలా చోట్ల తెర మీద సాహిత్యం వేస్తున్నారు కాబట్టి ఈ చిక్కు తగ్గింది.

ప్రొటెస్టంటు బైబిల్లో 66 గ్రంథాలు, పాత నిబంధనలో 39, కొత్త నిబంధనలో 27. కేథలిక్కుల బైబిల్లో మొత్తం 73. పుస్తకాన్ని మధ్యకు తెరిస్తే దాదాపు కీర్తనలు వస్తాయి. సువార్తలు నాలుగు, కొత్త నిబంధన మొదట్లోనే: మత్తయి, మార్కు, లూకా, యోహాను. "యోహాను మూడు పదహారు" అంటే సువార్తలో 3వ అధ్యాయం, 16వ వచనం. "మొదటి యోహాను" అంటే చిట్టచివర, ప్రకటన గ్రంథానికి కాస్త ముందున్న పత్రిక. ఈ రెండూ కలిపేసుకుని తప్పు పేజీలో వెతికేవాళ్లు ఎక్కువ. దొరక్కపోతే వెతకడం మానేసి వినండి. పేజీల చప్పుడు ఆగాక చదవడం మొదలుపెడతారు, అప్పటికీ పేజీ దొరకకపోయినా నష్టమేమీ లేదు.

చాలా చర్చిల్లో చదివేది పాత అనువాదమే, గ్రాంథికంలో ఉంటుంది. గట్టిగా చదవమని ఎవరైనా అతిథిని కోరితే, ముందే ఇంట్లో ఒకసారి చదువుకునే వీలు లేనప్పుడు మృదువుగా కాదనడమే మంచిది. హీబ్రూ పేర్ల దగ్గర నాలుక తిరగక వాక్యం ముక్కలైపోతుంది.

ప్రభు భోజనం: ఇక్కడ నిదానించండి

గుడిలో ప్రసాదం వద్దంటే అపచారం అనే ఇంట్లో పెరిగిన మనిషికి ఇది అన్నిటికంటే కష్టమైన ఘట్టం. పళ్లెం ముందుకు వస్తుంది, చేయి దానంతటదే చాస్తుంది. ఇక్కడ వరస తిరగబడి ఉంది. తీసుకోకపోవడమే గౌరవం. తీసుకోవడమంటే, యేసు మరణం తన కోసమేనని నమ్మి, బాప్తిస్మం పొంది, ఈ సంఘంతో ఒక్క శరీరంగా ఉన్నానని చెప్పడం. అయోగ్యంగా తినవద్దని, తన్నుతాను పరీక్షించుకుని తినాలని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో ఉంది. బల్ల, అంటే ప్రభు భోజనం, ఇచ్చే ముందు అయ్యగారు చాలాసార్లు ఆ భాగమే చదువుతారు. అందుకే సంఘంలో పుట్టిపెరిగినవాళ్లలో కూడా ఎవరితోనైనా తగవు ఉంటే ఆ వారం లేవకుండా కూర్చునేవాళ్లు ఉంటారు. కాబట్టి మీరు కూర్చుంటే ఎవరూ వింతగా చూడరు.

ఎవరు తీసుకోవచ్చన్నది సంఘాన్ని బట్టి మారుతుంది. సీఎస్‌ఐ, లూథరన్ చర్చిల్లో బాప్తిస్మంతో పాటు కన్ఫర్మేషన్ పొందినవాళ్లు. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో పెద్దయ్యాక నీళ్లలో ముంచి ఇచ్చే బాప్తిస్మం పొందినవాళ్లు. కేథలిక్కుల దివ్యసత్ప్రసాదం (ప్రభు భోజనాన్ని వాళ్లు పిలిచే పేరు) కేథలిక్కులకే. వాళ్లు దానికి గంట ముందు నుంచి ఏమీ తినరు. కాబట్టి మీరు వేరే శాఖకు చెందిన క్రైస్తవులైనా అడగకుండా వరసలో నిలబడకండి.

ఇచ్చే తీరును బట్టి మీరు చేయాల్సింది మారుతుంది. సీఎస్‌ఐలో వరస వరసగా ముందుకు వెళ్లి బలిపీఠం ముందున్న కటకటాల దగ్గర మోకరించి అందుకుంటారు. మీ వరస లేచినప్పుడు దారి ఇచ్చి, మళ్లీ కూర్చోండి. నడవ పక్కన కూర్చున్నవాళ్లు కాళ్లు ముడుచుకుంటే సరిపోదు, లేచి నిలబడితేనే లోపలివాళ్లు బయటికి రాగలరు. కేథలిక్ చర్చిలో వరసగా నడుచుకుంటూ వెళ్తారు, అక్కడా అంతే. బాప్టిస్టు, స్వతంత్ర మందిరాల్లో మాత్రం రొట్టె ముక్కల పళ్లెం, ద్రాక్షరసం చిన్న గ్లాసుల పళ్లెం మీ చేతికే వస్తాయి. తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. రెండు చేతులతో పళ్లెం అందుకుని, ఏమీ తీయకుండా పక్కవారికి అందించండి. వివరించాల్సిన పని లేదు. చాలా బాప్టిస్టు సంఘాల్లో నెలలో మొదటి ఆదివారం బల్ల ఉంటుంది. ఇబ్బంది వద్దనుకుంటే రెండో ఆదివారమో మూడో ఆదివారమో వెళ్లండి.

పొరపాటున తీసేసుకుంటే? రొట్టెను జేబులో వేసుకోవడం, రుమాల్లో చుట్టడం, ఇంటికి తీసుకెళ్లడం అస్సలు చేయకూడదు. కేథలిక్ చర్చిలో అయితే అక్కడికక్కడే ఫాదర్ చేతికి తిరిగి ఇచ్చి "నేను కేథలిక్‌ను కాదండీ" అంటే చాలు, ఆయన తీసుకుంటారు. మిగతా చోట్ల పక్కనున్న పెద్దకు మెల్లగా చెప్పండి. వెంట వచ్చిన పిల్లలకు ఈ సంగతి ఇంట్లోనే చెప్పి తీసుకెళ్లాలి. గ్లాసుల్లో ఎర్రటి రసం చూసి చేయి చాచని పిల్లలు తక్కువ.

కానుక

పాట పాడుతుండగా సంచి వరసల్లో తిరుగుతుంది, లేదా ముందు పెట్టె పెడితే అందరూ వెళ్లి వేస్తారు. ఇవ్వకపోయినా ఎవరూ అడగరు. ఇవ్వాలనుకుంటే పది, ఇరవై నుంచి వంద దాకా ఏదైనా, మడిచి వేయండి. నోటు విప్పి చూపిస్తూ వేయడం అక్కడి పద్ధతి కాదు. క్యూఆర్ పలకలు పెట్టిన చర్చిలూ ఉన్నాయి, అయితే పాట మధ్యలో ఫోను తీయడం కంటే ఆరాధన అయ్యాక పంపడం బాగుంటుంది. దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, సంఘస్తుల లెక్క. అతిథికి దానితో పని లేదు.

పుట్టినరోజు, పెళ్లిరోజు, ఉద్యోగం వచ్చినందుకు కృతజ్ఞతార్పణ కవర్లు ఇస్తారు, అయ్యగారు పేరు చదివి ప్రార్థన చేస్తారు. మీ స్నేహితుల ఇంటి సందర్భం అయితే వాళ్లతో పాటు ముందుకు రమ్మంటారు. పక్కన నిలబడడంలో అభ్యంతరం ఏమీ లేదు. పల్లెల్లో వంట చేసే ప్రతిసారీ ఆడవాళ్లు తీసి పక్కన పెట్టిన పిడికెడు బియ్యం తెచ్చి ఇవ్వడం పాత అలవాటు, ఇంకా చాలా చోట్ల ఉంది. డబ్బు చేతిలో ఆడని ఇల్లాలు తన చేతి మీదుగా ఇవ్వగలిగిన కానుక అది. దాన్ని చిన్నచూపు చూడకండి. కోత పండుగ నాడు కూరగాయలు, కొబ్బరికాయలు, కోళ్లు తెచ్చి అర్పించి, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. ఆ వేలంలో అతిథులూ పాడుకోవచ్చు. సొరకాయ బజారు ధరకు ఎన్నో రెట్లు పలుకుతుంది. అదనంగా ఇచ్చేదే కానుక కాబట్టి బేరమాడకూడదు.

పెంతెకొస్తు మందిరాల్లో అదనంగా తెలియాల్సినవి

ఇక్కడ పుస్తకం ఉండదు. పాటలు అరగంట, ముప్పావు గంట ఆగకుండా సాగుతాయి. ఆ తర్వాత అందరూ ఒకేసారి గొంతెత్తి ప్రార్థిస్తారు, కొందరు కన్నీళ్లు పెట్టుకుంటారు, కొందరు "భాషల్లో" (ఆత్మ పలికిస్తుందని వాళ్లు నమ్మే, వినేవాళ్లకు అర్థం కాని మాటల్లో) మాట్లాడతారు. మొదటిసారి విన్నవాళ్లకు గుండె దడ పుడుతుంది. కొద్దిసేపటికి ముందున్న పాస్టరు "స్తోత్రం" అనగానే అదే సద్దుమణుగుతుంది. మీరు కళ్లు మూసుకుని కూర్చోండి. చుట్టూ తలలు తిప్పి చూడడం, ఫోనులో చిత్రీకరించడం ఎంతమాత్రం తగదు. వాళ్లు ఆ క్షణంలో తమ కష్టాలన్నీ దేవుని ముందు చెప్పుకుంటున్నారు.

ప్రసంగం చివర "అందరూ కళ్లు మూసుకోండి, తీర్మానం చేసుకునేవారు చేతులెత్తండి" అంటారు. మర్యాదకని చేయెత్తకండి. ఎత్తిన చేతిని యేసును నమ్ముకునే నిర్ణయంగానే లెక్కిస్తారు. తర్వాత పేరు రాసుకుంటారు, బాప్తిస్మం గురించి మాట్లాడడానికి ఇంటికి వస్తారు. నిజంగా మనసు కదిలినవాళ్లు కూడా ఆ క్షణపు ఊపులో కాకుండా, ఆరాధన అయ్యాక పాస్టరుగారితో విడిగా కూర్చుని మాట్లాడి, ఇంట్లో చెప్పి, వ్యవధి తీసుకోవడం మంచిది. రోగుల కోసం తల మీద చేయి వేసి ప్రార్థిస్తారు. వద్దనుకుంటే ముందుకు వెళ్లకుండా కూర్చోండి. ఎవరైనా మీ దగ్గరికే వస్తే "నా కోసం ఇక్కడి నుంచే ప్రార్థించండి" అంటే నొచ్చుకోరు. ప్రార్థన చేయించుకున్నాక మాత్రం డాక్టరు రాసిన మందులు ఆపకండి.

ప్రార్థన మనవి చీటీ ఇస్తే, మైకులో చదివినా ఇబ్బంది లేని సంగతులే రాయండి. "ఆరోగ్యం కోసం" అన్నది చాలు. జబ్బు పేరు, కోడలితో తగవు, అప్పు వివరం రాస్తే అవన్నీ పేరుతో సహా మైకులో వినిపించవచ్చు. చాలా మందిరాలు ఆరాధనను యూట్యూబులో ప్రత్యక్షంగా చూపిస్తున్నాయి కూడా. మీరు వచ్చినట్టు తెలియడం వల్ల ఇంట్లో ఇబ్బంది అయ్యేవాళ్లు కెమెరా ఎటు ఉందో చూసుకుని కూర్చోండి.

పండుగ ఆరాధనలు

మొదటిసారి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది క్రిస్మస్‌కే బయల్దేరతారు. ఆ రోజు జనం విపరీతం. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చికి క్రిస్మస్ నాడు వచ్చేవాళ్లలో చూడటానికి వచ్చేవాళ్లు చాలామంది. నిజంగా ఆరాధనలో కూర్చోవాలంటే తెల్లవారుజామునే చేరాలి, పొద్దెక్కాక వరసలో నడిచి బయటికి రావడమే అవుతుంది. గుణదలలో ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే లూర్దుమాత ఉత్సవాల్లోనూ ఇదే సమస్య. డిసెంబరు 31 రాత్రి ఆరాధన అర్ధరాత్రి దాటాకే ముగుస్తుంది, తిరుగు ప్రయాణం ముందే చూసుకోండి. ఈస్టరు నాడు చాలా ఊళ్లలో తెల్లవారకముందే సమాధుల తోటలో ఆరాధన చేస్తారు, టార్చి లైటు కావాలి.

లోతుగా వినాలనుకునేవారికి శుభ శుక్రవారం మంచి రోజు. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడు చిన్న ప్రసంగాలు, మధ్యలో పాటలు. ఇంట్లో ముందే చదువుకుని వెళ్తే ఎంతో తేలిక: లూకా 23:34, లూకా 23:43, యోహాను 19:26-27, మత్తయి 27:46, యోహాను 19:28, యోహాను 19:30, లూకా 23:46. చాలామంది ఉపవాసంతో వస్తారు, కాబట్టి అక్కడ తినుబండారాలు బయటికి తీయకండి. మూడు గంటలూ కూర్చోలేనివాళ్లు ఒక మాట ముగిసి పాట మొదలైనప్పుడు లేచి వెళ్లొచ్చు, ఆ రోజు అది అందరికీ అలవాటే. ఏప్రిల్ ఎండ, రేకుల మందిరం, కరెంటు పోవడం మూడూ కలిసే రోజు కూడా అదే. నీళ్ల సీసా దగ్గర ఉంచుకోండి, తాగడం తప్పు కాదు.

ప్రకటనలప్పుడు, ముగిశాక

"కొత్తగా వచ్చినవారు లేచి నిలబడండి" అని చాలా చోట్ల అడుగుతారు. మీ పేరు, ఊరు, ఎవరితో వచ్చారు, ఈ మూడు చెప్పి "వందనాలు" అని కూర్చోండి. నిలబడడం ఇష్టం లేకపోతే పిలిచినవాళ్లతో ముందే చెబితే వాళ్లే చూసుకుంటారు.

దీవెన తర్వాత అయ్యగారు గుమ్మం దగ్గర నిలబడి అందరినీ పలకరిస్తారు. పాతవాళ్లు ప్రార్థన కోసం ఆగుతుంటారు, వెనక వరస పెరుగుతుంది. ఒక్క మాట మాట్లాడి కదలండి, ఎక్కువ మాట్లాడాలంటే జనం తగ్గాక రండి. ప్రేమ విందు ఉందంటే ఉండండి. అది అందరికీ వడ్డించే భోజనం, ప్రభు భోజనంతో సంబంధం లేదు, ఏ మతంవారైనా తినొచ్చు. శాకాహారులు వడ్డించేవాళ్లను ముందే అడగాలి. పండుగ రోజు విందులో మాంసం కూర ఉండడం పరిపాటి, పప్పు, సాంబారు విడిగా పెడతారు గానీ గరిటెలు కలుస్తుంటాయి.

ఫోను నంబరు, చిరునామా రాయమని కాగితం ఇస్తే రాయడం మీ ఇష్టం. రాస్తే వారంలోపు ఫోను వస్తుంది, ఇంటికొచ్చి ప్రార్థన చేస్తామంటారు. అది వాళ్లకు ఆదరణ. ఇంటికి రావడం కుదరకపోతే పేరు, ఊరు మాత్రం రాసి నంబరు గడి ఖాళీగా వదిలేయండి.